గుడ్డు మీద పెన్సిల్ చుక్క

మొగుడూ పెళ్లాం ఏళ్ల తరబడి పక్కపక్కన కూర్చుని ఒకే పని చేస్తే వాళ్లకో జబ్బు పట్టుకుంటుంది. తనకు తెలిసిందంతా అవతలి మనిషికీ తెలుసని ఇద్దరూ అనుకుంటారు. ఒకరు చెప్పరు, ఇంకొకరు అడగరు. మామూలు ఇళ్లలో దీనివల్ల కూరలో ఉప్పు రెండుసార్లు పడుతుంది, ఆ పూటకి సణుక్కుంటూ తినేసి చేతులు కడుక్కుంటారు. నది ఒడ్డున ఆ చిన్న పార్కులో పాడైంది కూరైతే నేనీ కథ చెప్పే పనే లేదు.

పార్కనగానే పూలమొక్కలూ ఉయ్యాలలూ అనుకునేరు. అలాంటివేం లేవక్కడ. నదికి వరదొస్తే నీళ్లు పరుచుకునే పల్లపు నేల అది. నాలుగు మడుగులు, వాటి చుట్టూ మనిషెత్తు జమ్ము, రెల్లు, ఏడాదిలో సగం రోజులు మోకాలి లోతు బురద. కరకట్ట మీద తుప్పు పట్టిన బోర్డొకటి ఇది రక్షిత ప్రాంతమని చెబుతుంటుంది. ఎవరి నుంచి రక్షణో దానికీ తెలీదు పాపం. మడుగులు దాటి నది వైపు వెళితే పొడుగాటి ఇసుక మేట వస్తుంది. ఎండలు ముదరగానే నది తాబేళ్లు నీళ్లలోంచి ఆ మేటెక్కి, ఇసుక తవ్వి, గుడ్లు పెట్టి, పూడ్చి వెళ్లిపోతాయి. చుట్టుపక్కల నదంతా తవ్వేశాక వాటికి మిగిలిన ఇసుక అదొక్కటే. తాబేళ్లు వస్తున్నాయి కాబట్టే మేట పార్కులో ఉంది, మేట ఉంది కాబట్టే తాబేళ్లు వస్తున్నాయి.

పార్కుకి ఒక వాచరు. కట్ట మీద రేకుల కప్పున్న రెండు గదుల క్వార్టర్లో అతనూ, అతని భార్యా, అతని తల్లీ ఉంటారు. ఉద్యోగం అతనిది, పని ఇద్దరిదీ. హాజరుపట్టీలో పేరు లేని ఆ రెండో మనిషిని కట్ట అవతలి వీధుల్లో అందరూ తాబేలమ్మ అంటారు. మొదట్లో ఎగతాళికే అన్నారు గానీ ఆమె పలకడం మొదలుపెట్టేసరికి ఎగతాళి కాస్తా పేరైపోయింది. నడక మాత్రం తాబేలు నడక కాదు. వాచరు లుంగీ చుట్టుకుని చెప్పులు వెతుక్కునేలోపు ఆమె మేటదాకా వెళ్లి తిరిగొచ్చేది.

గూళ్లు మేట మీదే ఉండాలి, వాటి మీద ఇనపవల కప్పి కుక్కలూ నక్కలూ తవ్వకుండా చూసుకోవాలి. నీళ్లు పెరుగుతాయని కబురొస్తే మాత్రం గుడ్లన్నీ తీసి కట్ట మీద కంచె వేసిన ఇసుక గుంటలోకి మార్చాలి. అలా మార్చాల్సి వచ్చినప్పుడల్లా ఆమె బోర్లా పడుకుని వేళ్లతో ఇసుక తోసి, గుడ్డు ఎలా ఉందో అలాగే ఉంచి, దాని నెత్తిన పెన్సిలుతో చిన్న చుక్క పెట్టేది. ఆ చుక్క పైకే ఉండేలా ఎత్తి, పైకే ఉండేలా బకెట్లో ఇసుక మీద కూర్చోబెట్టేది. బకెట్ మోసేది వాచరు. గుంటలో మళ్లీ చుక్క పైకి వచ్చేలా పేర్చేది ఆమే.

ఆ చుక్క సంగతి ఆమెకి నేర్పింది వాళ్లు కొత్తగా చేరినప్పుడు ఇక్కడుండిన పాత ఆఫీసరు. లోపల పిల్ల గుడ్డు పైభాగానికి అతుక్కుని పెరుగుతుందమ్మా, గుడ్డు తిరగబడిందంటే ఊపిరాడక పోతుంది, కోడిగుడ్డులా దొర్లించకూడదు అని చెప్పాడు. ఆ రోజు వాచరు పడవకి తారు పూస్తూ అవతలి ఒడ్డున ఉన్నాడు. ఇంటికొచ్చాక అతనికి చెప్పానని ఆమె అనుకుంది. చెప్పిందో లేదో దేవుడికే తెలియాలి. ఆమె చుక్కలు పెడుతుంటే అతను బకెట్ పట్టుకుని నిలబడి, "ఏం లెక్కల టీచరమ్మా, ఎన్నయ్యాయి?" అని ఏడిపించేవాడు. ఆమె నవ్వి, ఇన్నయ్యాయని చెప్పేది. ఏళ్ల తరబడి ఇదే వేళాకోళం. అతను ఆ చుక్కలు లెక్క కోసమే అనుకుంటున్నాడని ఆమెకి ఎలా తడుతుంది చెప్పండి!

ఆ ఏడు తాబేళ్లు చాలా తక్కువ వచ్చాయి. ఇప్పటి ఆఫీసరు జీపులో వచ్చి కట్ట మీద నిలబడి సంగతి దాచకుండా చెప్పాడు. మంచివాడే, కానీ మంచివాళ్ల చేతిలో ఏముంటుంది?

"చూడయ్యా, పైనుంచి గట్టిగా అడుగుతున్నారు. మేట కావాలని ఇసుక తవ్వేవాళ్లు తిరగని ఆఫీసు లేదు. ఈసారి పిల్లలు బయటికొచ్చి నీళ్లలో పడితే మేట మనదే. ఒక్కటీ రాలేదనుకో, తాబేళ్లు లేని మేట పార్కుకి ఎందుకంటారు. హద్దు రాళ్లు మడుగుల దగ్గరికి జరిగిపోతాయి."

"ఒక్కటేంటి సార్, గంపలకొద్దీ వస్తాయి," అన్నాడు వాచరు. ఆఫీసరు వెళ్లాక ఆ పూట సరిగ్గా తిండి తినలేదు.

ఇంతలో అతని తల్లి కంటికి ఆపరేషను రోజు దగ్గర పడింది. ఊళ్లో కంటాసుపత్రిలో రోగి పక్కన ఒక మనిషి ఉండాలన్నారు.

"మీ అమ్మే కదా, మీరు వెళ్లచ్చుగా. గూళ్లు నేను చూసుకుంటా," అంది భార్య.

"ఆడవాళ్ల వార్డులో నన్నుండనిస్తారా? తన్ని తరిమేస్తారు. నువ్వెళ్లు."

"నా కన్ను కోసం మీరిద్దరూ కొట్టుకోకండర్రా," అంది ముసలావిడ గోడకి జేరబడి. "ఒక్కదాన్నే తడుముకుంటూ పోతా. దారిలో ఏ లారీ అయినా గుద్దితే రెండో కంటి ఖర్చు మిగులుతుంది మీకు."

చివరికి భార్యే వెళ్లింది. బస్సెక్కబోతూ, "నీళ్లు పెరిగితే గుడ్లు జాగ్రత్తండీ. ఎలా తీయాలో తెలుసుగా?" అంది.

"ఇన్నేళ్లూ బకెట్ మోసింది ఎవరే, మీ తాతా?"

ఆమె నవ్వుకుంటూ బస్సెక్కింది. ఆ నవ్వుని తర్వాత ఎన్నిసార్లు తిట్టుకుందో లెక్కలేదు.

ఆసుపత్రిలో అత్తగారికి కట్టు కట్టి పడుకోబెట్టిన రోజే ఎగువన కాలం కాని కాలంలో వాన దంచి కొట్టింది. ఆనకట్ట గేట్లెత్తారని వార్డు వరండాలో టీవీలో చూసి ఆమెకి గుండెల్లో రాయి పడింది. ఫోన్ చేస్తే ఎత్తడు. మళ్లీ చేస్తే ఎత్తడు. కాలుగాలిన పిల్లిలా వరండా ఆ చివర నుంచి ఈ చివరకి తిరుగుతుంటే నర్సు రెండుసార్లు కసిరింది. పొద్దువాలే వేళకి అతనే ఫోన్ చేశాడు. రొప్పుతున్నాడు, నవ్వుతున్నాడు.

"తీసేశానే! అన్నీ తీసేశా! నీళ్లు నడుందాకా వచ్చాయి, అయినా వదల్లేదు. ఒక్కటంటే ఒక్కటి పగల్లేదు!"

ఆమె వరండాలో అందరి ముందూ ఏడ్చేసింది. పక్క మంచం ఆవిడ ఆపరేషనేమైనా తేడా కొట్టిందేమోనని భయపడింది.

అత్తగారిని డిశ్చార్జి చేశాక ఇద్దరూ ఇంటికొచ్చారు. మేట అప్పటికి ఇంకా నీళ్ల కిందే ఉంది. వాచరు కుంటుతూ ఎదురొచ్చాడు. నీళ్లలో కొట్టుకొచ్చిన దుంగ తగిలి పిక్క చీరుకుపోయింది, ఒళ్లు కాలిపోతోంది, మొహం మాత్రం వెలిగిపోతోంది. పెళ్లాం చేతిలో సంచీ అయినా దించనివ్వకుండా గుంట దగ్గరికి లాక్కెళ్లాడు.

"బురదలో పొర్లి ఎలా ఉన్నాయనుకున్నావ్! అలాగే పెడతానా? ఒక్కోదాన్నీ మంచినీళ్లలో కడిగా. నా కొత్త తువ్వాలుతో తుడిచా. పసిపిల్లలకి నీళ్లు పోసినట్టు పోశాననుకో. అప్పుడు వరసగా పేర్చి ఇసుక కప్పా."

ఆమె గుంట మీదికి వంగింది. "పైవైపు... గుర్తులు పెట్టారా?"

"నీ లెక్క చుక్కలా? బాగుంది! ఆ హడావిడిలో పెన్సిల్ కోసం వెతుక్కుంటూ కూర్చోమంటావా? నోటితోనే లెక్కపెట్టా. ఒక్కటి తగ్గలేదు, నువ్వేం బెంగపెట్టుకోకు."

కడిగాడు. తుడిచాడు. అంటే అరచేతిలో అటూ ఇటూ తిప్పాడు. ఒకసారి కాదు, ప్రతి గుడ్డునీ, ప్రేమగా, శుభ్రంగా, అన్ని వైపులా. పిల్లలు సగం పెరిగి ఉన్న గుడ్లవి. ఆమె చెప్పడానికి నోరు తెరిచింది కూడా. సరిగ్గా అప్పుడే అత్తగారు కంటికి కట్టుతో తడుముకుంటూ వచ్చి కొడుకు భుజం పట్టుకుంది.

"నా తండ్రే! నీళ్లకెదురెళ్లి తెచ్చావటగా. ఆసుపత్రంతా చెప్పాన్రా!"

కోడలు చేతిలో సంచీ కింద పెట్టింది. జ్వరం తగ్గనీ, అప్పుడు చెబుదాం అనుకుంది. ఆ అనుకోవడమే కొంప ముంచింది. జ్వరం తగ్గేలోపు ఆఫీసరు వచ్చి వాచరు చెయ్యి పట్టుకుని ఊపేశాడు. పేపరువాళ్లొచ్చి గుంట పక్కన నిలబెట్టి ఫోటో తీశారు. అసలే అతని నోట్లో నువ్వుగింజ నానదు. టీ కొట్టు దగ్గర, బస్టాపులో, మందుల షాపులో, కనబడ్డవాడికల్లా కథంతా చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ నీళ్లు ఇంకో అంగుళం పెరిగేవి. జీవితంలో ఎవరూ ఆ మనిషిని ఇంతసేపు నిలబడి విన్నది లేదు. ఇప్పుడు చెప్పడమంటే ఆ పిక్క మీది గాయంలో వేలు పెట్టి కెలకడమే. ఆమె మింగలేక కక్కలేక తిరిగింది.

ఆమెకి ఆశ లేదనుకోకండి. ఆశ ఎవర్ని వదులుతుంది! తిరిగిన గుడ్లు తిరిగి తిరిగి మళ్లీ సరైన వైపే పడి ఉండకూడదా, ఒక్క పిల్లకైనా ఊపిరి మిగిలి ఉండకూడదా అని లోపల లోపల కొట్టుకులాడేది. గుంట తవ్వి చూద్దామనుకునేది. చూస్తే ఆ కాస్త ఆశా పోతుందని చెయ్యి వెనక్కి తీసుకునేది.

కట్టు విప్పాక అత్తగారికి చూపు బాగా ఆనింది. వచ్చిన చూపుతో ఆవిడ మొదట చూసింది కోడలి మొహాన్నే.

"ఏమైందే నీకు? పీనుగలా తిరుగుతున్నావు. నా కొడుకేమన్నా అన్నాడా?"

ఆమె గిన్నెలు తోముతున్నదల్లా అక్కడే కూలబడి అంతా చెప్పేసింది. ముసలావిడ గిన్నెలు పక్కకి జరిపి కోడలి ఎదురుగా చతికిలబడింది.

"ఇన్నేళ్లలో ఒక్కసారీ చెప్పలేదుటే వాడికి?"

"ఆయనకి తెలుసనుకున్నా అత్తయ్యా."

"వాడికి ఏం తెలుసునే, వెర్రివెధవ. చెప్పులు ఎక్కడ విప్పాడో తెలీదు." ఆవిడ కళ్లు తుడుచుకుంది, ఆపరేషను కంటిని తుడవకూడదని గుర్తొచ్చి చెయ్యి దించింది. "ఇప్పుడు మాత్రం చెప్పకు. ఎలాగూ తెలిసే రోజు తెలుస్తుంది. ఈ నాలుగు రోజులైనా మహారాజులా ఉండనీ."

తల్లి మనసు, ఏమంటాం. కానీ మంచి సలహా అనుకుని ఇచ్చిన చెడ్డ సలహాకి మించిన విషం లేదు. కోడలు అది పట్టుకుని వేలాడింది.

వాచరు సాయంత్రాలు గుంట దగ్గరే గడిపేవాడు. ఎండ తగలకుండా జమ్ముతో చిన్న పందిరి వేశాడు. ఇసుక మీద చెవి ఆనించి పడుకునేవాడు. పిల్లలు బయటికొచ్చే ముందు లోపల గీరుకుంటాయి, ఆ చప్పుడు కోసం.

"వస్తాయంటావా?" అని అడిగేవాడు.

"వస్తాయి," అనేది ఆమె. అది మొదటి అబద్ధం. మొదటిది కష్టం, తర్వాతవి వాటంతటవే వస్తాయి. ఎండ బాగా తగులుతోంది కాబట్టి తొందరగా వస్తాయంది. లేదు, ఇసుక చల్లగా ఉంది కాబట్టి ఆలస్యమవుతాయంది. రావలసిన రోజులు దాటుతున్నకొద్దీ అతని మొహం పీక్కుపోతుంటే చూడలేక, ఒక సాయంత్రం తనూ ఇసుక మీద చెవి పెట్టి, "ఉండండి, ఉండండి... గీరుతున్నాయి," అంది.

అతను ఊపిరి బిగబట్టాడు. "నిజంగా?"

"నిజంగానే. సన్నగా. మీరు అరవకండి."

అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు. పెళ్లయిన కొత్తలో తప్ప ఆరుబయట ఆమె చెయ్యి పట్టుకోని మనిషి. ఆ పూట ఇంటికెళ్లి తల్లికి చెప్పాడు, ఆఫీసరుకి ఫోన్ చేశాడు. అప్పటికే విసిగిపోయి ఉన్న ఆఫీసరు పైవాళ్లని బతిమాలి ఇంకో వారం గడువు తెచ్చాడు.

వారం అయిపోయింది. గుంట ఇసుక చెక్కుచెదరలేదు. పొద్దున్నే ఆఫీసరు పైనుంచి వచ్చిన ఇద్దర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఇక తవ్వక తప్పదన్నాడు. వాచరు వంగి, ఎవర్నీ ముట్టనివ్వకుండా, తనే వేళ్లతో ఇసుక తోశాడు. పై వరస కనబడకముందే వాసన కొట్టింది. వచ్చిన ఇద్దరూ జేబురుమాళ్లు ముక్కుకి పెట్టుకున్నారు. అతను ఒక గుడ్డు తీసి చూశాడు, ఇంకోటి తీశాడు, ఇంకోటి. అడుగు వరసదాకా తీశాడు. ఒక్కదాంట్లోనూ ప్రాణం లేదు.

ఆఫీసరు ఒక గుడ్డుని తిప్పి తిప్పి చూసి మెల్లగా అడిగాడు. "వీటి మీద గుర్తులేవయ్యా?"

"అవి లెక్క కోసం కదా సార్. నేను నోటితో లెక్కపెట్టా."

"లెక్క కోసమా?" ఆఫీసరు ఒక క్షణం అతని మొహంలోకి చూశాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "పైవైపు ఏదో తెలియడానికయ్యా అవి. తిరగబడితే లోపల పిల్ల చచ్చిపోతుంది. నీకెవరూ చెప్పలేదా?"

వాచరు తల తిప్పి పెళ్లాం వైపు చూశాడు. ఆమె అప్పుడైనా అబద్ధం ఆడాల్సింది, నాకూ తెలీదు అనాల్సింది. ఎన్నో అబద్ధాలాడిన నోటికి అవసరమైన ఆ ఒక్కటీ రాలేదు.

"నీకు తెలుసా?"

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు నుంచి."

"నేనే చెప్పద్దన్నాన్రా," అని వెనక నుంచి తల్లి అందుకుంది. అతను ఆవిడ వైపు కూడా చూశాడు. అందరి మధ్యా ఇసుకలో కూర్చుని, చేతిలో గుడ్డుని మెల్లగా కింద పెట్టి, "గీరుతున్నాయన్నావు కదే," అన్నాడు.

ఆమె గుంటకి అవతలి పక్క నిలబడిపోయింది. గుడ్లన్నిటినీ అతనే మడుగు అవతల గొయ్యి తీసి పూడ్చాడు. సాయానికి వెళితే వద్దన్నాడు, కోపంగా కాదు, కొత్తవాళ్లకి చెప్పినట్టు.

హద్దు రాళ్లు జరిగాయి. ఆఫీసరుకి బదిలీ అయింది. వెళ్లే ముందు చేయగలిగినంత చేశాడు. తవ్వేవాళ్ల షరతుల్లో ఒక్క మాట ఇరికించి వెళ్లాడు. మేట మీదికి తాబేలు ఎక్కినట్టు వాచరు కళ్లారా చూసి ఆపమంటే యంత్రం అక్కడికక్కడ ఆగాలి, మేట సంగతి మళ్లీ మొదటి నుంచి తేల్చాలి. "పిల్లలు పోయినా తల్లులు నదిలోనే ఉన్నాయయ్యా, కనిపెట్టుకుని ఉండు," అని వాచరు భుజం తట్టాడు.

ఇంట్లో పోట్లాట జరగలేదు. జరిగితే బాగుండునని ఆమె దేవుడికి మొక్కుకుంది. నాలుగు తిట్టి, గిన్నె విసిరేసి, మళ్లీ అన్నానికి పిలిస్తే పోయేది. అతను తిట్టలేదు, ఆమె చెప్పింది నమ్మడం మానేశాడు. అత్తగారి రెండో కంటికి కూడా ఆపరేషను బాగా జరిగిందని ఆమె చెబితే, సరేనని బయటికెళ్లి ఆసుపత్రికి ఫోన్ చేసి కనుక్కున్నాడు. వాన రాదులెండి అంటే గొడుగు తీసుకెళ్లాడు. పిక్క మీది మచ్చ మానుతోందంటే అద్దం తెచ్చుకుని చూసుకున్నాడు. ఆమె ఏ మంచి మాట చెప్పినా అతని కళ్లలో ఒక జాలి లాంటిది కనబడేది. పాపం, నాకోసం చెబుతోంది అన్నట్టు. ఆ జాలి ముందు చెంపదెబ్బ నయం.

"తాబేళ్లు బతికే ఉన్నాయండీ. మనకంటే ఎక్కువేళ్లు బతుకుతాయవి. మళ్లీ ఎండలకి తప్పకుండా వస్తాయి," అందొకసారి. అది నిజం. ఆమె దగ్గరున్న మాటల్లో నిఖార్సైన నిజం అదొక్కటే.

"ఆఁ, వస్తాయి," అన్నాడతను, పసిపిల్లని ఊరుకోబెట్టినట్టు.

వానలు వెళ్లాయి, చలి వెళ్లింది, మళ్లీ ఎండలు ముదిరాయి. మేట ఒక చివర నుంచి కరిగిపోతోంది. పొక్లెయిన్ తవ్వుతుంటే లారీలు వరసకట్టి నిలబడుతున్నాయి. వాచరు మొదట్లో కొన్నాళ్లు పొద్దున్నే వెళ్లి చూసొచ్చాడు. తర్వాత మానేశాడు. మడుగుల చుట్టూ కంచె బాగుచేసుకుంటూ, కట్ట మీద కూర్చుని బీడీ కాల్చుకుంటూ ఉండిపోయాడు. రోజూ వెళ్లింది ఆమే.

ఆ పొద్దున పొక్లెయిన్ నడిపే అతను ఇంకా పని మొదలుపెట్టలేదు. యంత్రం పక్కన ఇసుకలో కూర్చుని ఫ్లాస్కులోంచి టీ పోసుకుంటున్నాడు. తవ్వని చివర, నీటి అంచున, ఏదో నల్లగా కదిలింది. ఆమె కళ్లు నులుముకుని చూసింది. గంపంత తాబేలు. ఆగుతూ, మెడ సాచి చూస్తూ, మళ్లీ నాలుగడుగులు వేస్తూ పైకెక్కుతోంది. గుడ్ల కోసం చోటు వెతుక్కుంటోంది. తవ్వడం మొదలెట్టకముందు ఏ చిన్న అలికిడైనా సరే, అది వెనక్కి తిరిగి నీళ్లలోకి జారిపోతుంది, మళ్లీ ఆ ఒడ్డు మొహం చూడదు. ఆ సంగతి ఆమెకి తెలుసు.

ఆమె వంగి వంగి పరుగెత్తి అతని దగ్గరికెళ్లింది. "అన్నా, యంత్రం స్టార్ట్ చెయ్యకు. అదిగో చూడు. నీకు పుణ్యముంటుంది."

అతను చూశాడు. చెడ్డవాడేం కాదు. "నాకూ దాని మీద పగేం లేదమ్మా. కానీ నువ్వు చెబితే ఆపానంటే సాయంత్రానికి నా పని ఊడుతుంది. వాచరు చూసి చెప్పాలని కదా మాట. ఆయన్ని తీసుకురా, దండం పెట్టి వెళ్లిపోతా." గ్లాసు ఎత్తి చూపించాడు. "లారీలు వచ్చేస్తాయి. ఈ టీ అయ్యేదాకా ఉంటా. తొందరగా రా."

ఆమె పరుగెత్తింది. జమ్ములోంచి అడ్డంగా పడి, మడుగు గట్టు మీద రెండుసార్లు జారి, కట్టెక్కింది. వాచరు కంచె కర్రకి తీగ చుడుతున్నాడు. అత్తగారు గడప మీద కూర్చుని కొత్త చూపుతో కూరగాయల్లో పుచ్చులు ఏరుతోంది.

"ఏమండీ! తాబేలు! మేటెక్కింది! పెద్దది... రండి, రండి తొందరగా! మీరొచ్చి చూస్తే ఆపుతానన్నాడు!"

అతను తీగ చుట్టడం ఆపి ఆమె వైపు చూశాడు. మోకాళ్లదాకా బురద, చెంప మీద రెల్లు గీసుకుని నెత్తురు, రొప్పుతో మాట నిలవడం లేదు. అతని మొహం కరిగిపోయింది. ఏడాదిగా ఆ మొహంలో ఆమె చూడని మెత్తదనం వచ్చింది. అది చూసి ఆమె, నమ్మాడు అనుకుంది.

"ఎందుకే ఇంత అవస్థ పడతావు," అన్నాడు.

"అయ్యో, నిజమండీ! మీ మీద ఒట్టు! కళ్లారా చూశా! టీ తాగేదాకానే ఉంటానన్నాడు, రండీ!"

"నిజమేమోరా, వెళ్లి చూడకూడదూ," అంది తల్లి లేవబోతూ.

"నువ్వు దానికి వంత పాడకమ్మా. పోయినసారి పాడింది చాల్లే."

ఆమె అతని చెయ్యి పట్టుకుని లాగింది. అతను విదిలించుకోలేదు. ఆ చేత్తోనే ఆమెని పట్టుకుని కట్ట మీద కూర్చోబెట్టాడు. కుండలోంచి గ్లాసుతో నీళ్లు ముంచి తెచ్చాడు. చెంప మీది నెత్తురు తన తువ్వాలుతో అద్దాడు. ఆమె అతని మొహంలోకే చూస్తోంది. ఇంకేం చెప్పాలో, ఏ మాటతో చెబితే నమ్ముతాడో వెతుక్కుంటోంది.

"నేను బాగానే ఉన్నానే. నాకోసం ఇంక ఇలాంటివి చెప్పక్కర్లేదు," అన్నాడు, గ్లాసు ఆమె నోటికందిస్తూ. "తాగు."

మేట వైపు నుంచి పొక్లెయిన్ స్టార్టయిన చప్పుడు వచ్చింది. ఆమె గ్లాసు తీసుకుని నీళ్లు తాగింది.